కూతురి వయసు మైనస్ పన్నెండు!

పోయినవారం మాగాయ ముక్క నల్లబడకుండా ఏం చెయ్యాలో చెప్పుకున్నాం కదా, ఈవారం సగ్గుబియ్యం వడియాల గురించి రాద్దామని కాగితాలు ముందర పెట్టుకున్నాను. ఇంకా పెన్ను మూత తియ్యలేదు, పక్కగదిలోంచి వెక్కిళ్ళు! వెళ్ళి చూద్దును కదా, ఎనిమిదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి లెక్కల పుస్తకం మీద తలపెట్టుకుని ఏడుస్తోంది. అందుకని వడియాలు వచ్చేవారానికి వాయిదా వేశాను. ఏమీ అనుకోకండేం!

నోటుబుక్కు తీసి చూశాను. లెక్క ఇదీ. ఇప్పుడు తల్లి వయసు కూతురి వయసుకి మూడు రెట్లు. 12 ఏళ్ళ తర్వాత రెండు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఇద్దరి వయసులూ ఎంతెంత? మా పిల్ల బుద్ధిగా ఈక్వేషన్ వేసి, నాలుగు వరసలు చేసి, జవాబు కింద రెండు గీతలు కూడా గీసింది. ఎక్స్ = −12.

"కూతురి వయసు మైనస్ పన్నెండేంటే?" అన్నాను.

"ఇంకో పన్నెండేళ్ళకి పుడుతుంది కాబోలు" అంది ముక్కు చీదుకుంటూ.

"మరి తల్లి దానికి మూడు రెట్లు కదా, మైనస్ ముప్ఫై ఆరు! అంటే కూతురు పుట్టిన ఇరవై నాలుగేళ్ళకి తల్లి పుడుతుందన్నమాట!"

ఏడుస్తున్నదల్లా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ వెంటనే అది అన్న మాటకి నా నవ్వు ఆగిపోయింది. "టెన్త్ అయ్యాక లెక్కలు లేని గ్రూపు తీసుకుంటానమ్మా. నాకీ వర్డ్ ప్రాబ్లమ్స్ రావు."

వసారాలోంచి మా అత్తయ్యగారు "పోనీలెద్దూ, ఏ గ్రూపైతేనేం, ఎందుకలా ఏడిపిస్తారు పిల్లని" అన్నారు. ఆవిడ ప్రేమకొద్దీ అన్న మాటే. కానీ ఆ వయసులో నేనూ అచ్చం అదే మాట అన్నాను. మా అమ్మా "పోనీలే" అంది. నేను ఇంటర్లో సీఈసీలో చేరింది కామర్స్ మీద ప్రేమతో కాదండీ, లెక్కల మీద భయంతో. తొమ్మిదో క్లాసులో ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచి 3ఎక్స్ = 12 ఇచ్చారు. నేను ఎక్స్ = 9 అని రాశాను. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని నేర్చుకున్నాను కదా, 3ని అటు పంపి మైనస్ చేశాను. క్లాసంతా గొల్లుమంది. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతే, ఆ రోజుతో నాకూ లెక్కలకీ మాటల్లేవు.

అందుకని ఆ రాత్రి వంటిల్లు సర్దాక దాని పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. నాకు బీజగణితం ఏమీ గుర్తులేదని ముందే చెప్పేశాను. "నువ్వు చెప్పు, నేను వింటాను. అర్థం కాకపోతే అడుగుతాను" అన్నాను. అదే మంచిదయింది, ఎందుకంటే తెలిసినవాళ్ళం అయితే చటుక్కున మనమే చేసి ఇచ్చేస్తాం.

మొట్టమొదట అడిగింది, "ఎక్స్ అంటే ఏంటి?" అని.

"కూతురు" అంది.

"కూతురు ఎలా అవుతుందే? కూతుర్ని మూడుతో గుణిస్తే తల్లి వస్తుందా?"

కాస్త ఆలోచించి "కూతురి వయసు" అంది.

"ఎప్పటి వయసు?"

ఇక్కడ ఆగిపోయింది. చూశారా, తప్పంతా అక్కడే ఉంది! "ఎక్స్ = ఇప్పుడు కూతురి వయసు, ఏళ్ళలో" అని పూర్తి వాక్యం రాయించాను. పిల్లలు ఈ వాక్యం రాయడానికి బద్ధకిస్తారు. బస్తా మీద చీటీ లేకపోతే లోపల కందిపప్పో శనగపప్పో తెలియనట్టే, ఈ వాక్యం లేకపోతే మధ్యలో ఎక్స్ ఏమిటో వాళ్ళే మర్చిపోతారు. ఎక్స్ ఎప్పుడూ మనిషి కాదు, వస్తువు కాదు, ఒక అంకె. టమాటాలు కాదు, కేజీ టమాటాల ధర అన్నమాట.

తర్వాత నాలుగు గళ్ళు గీయించాను. పైన "ఇప్పుడు", "12 ఏళ్ళ తర్వాత" అని రెండు, పక్కన తల్లి, కూతురు. తల్లికి ఇప్పుడు 3ఎక్స్, తర్వాత 3ఎక్స్ + 12. కూతురికి ఇప్పుడు ఎక్స్, తర్వాత... నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. "అయ్యో అమ్మా, నేను తల్లికి ఒక్కదానికే పన్నెండేళ్ళు పెంచాను!" అని నాలిక్కరుచుకుంది. అది రాసిన ఈక్వేషన్ 3ఎక్స్ + 12 = 2ఎక్స్. ఏళ్ళు గడిస్తే అమ్మ ఒక్కతే ముసలిదవుతుంది, కూతురు అలాగే ఉండిపోతుంది! (ఇదేదో బాగానే ఉందే అనుకోకండి.)

గడులు నిండాక ఉత్సాహంగా మళ్ళీ చేసింది. ఈసారి ఎక్స్ = 0. కూతురి వయసు సున్నా, దానికి మూడు రెట్లు తల్లీ సున్నా. ఇద్దరూ ఇవాళే పుట్టారు! ఈసారి ఈక్వేషన్ తప్పు కాదు, 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12) అని చక్కగానే రాసింది. విప్పేటప్పుడు 2ఎక్స్ + 12 అని రాసేసింది. బ్రాకెట్ ముందున్న 2 ఎక్స్‌ని మటుకే పలకరించి పన్నెండుని వదిలేసింది. బ్రాకెట్ అంటే మూతి కట్టిన సంచీ అని చెప్పాను. ఒక్కో సంచీలో కొన్ని మామిడికాయలూ 12 నిమ్మకాయలూ ఉన్నాయి. అలాంటి రెండు సంచీలు తెస్తే నిమ్మకాయలు 24 కాకుండా ఎలా ఉంటాయి? వెంటనే దిద్దుకుంది.

3ఎక్స్ + 12 = 2ఎక్స్ + 24. రెండు వైపులా 2ఎక్స్ తీస్తే ఎక్స్ + 12 = 24. రెండు వైపులా 12 తీస్తే ఎక్స్ = 12. కూతురికి 12, తల్లికి 36. పన్నెండేళ్ళు పోతే 24, 48. రెండు రెట్లు, సరిపోయింది!

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. "మొదట చేసినప్పుడు సరిచూసుకోలేదా?" అని అడిగితే "చూశానమ్మా, సరిపోయింది" అంది. నేను నమ్మలేదు. కానీ నిజమే! దాని తప్పు ఈక్వేషన్లో ఎక్స్ బదులు −12 పెడితే ఎడమవైపూ −24, కుడివైపూ −24. అచ్చంగా సరిపోతుంది. ఈక్వేషనే తప్పయినప్పుడు దాంట్లో పెట్టి చూస్తే ఏం తెలుస్తుందండీ? దొంగని పట్టుకోమని దొంగకే చెప్పినట్టు! జవాబు పట్టుకెళ్ళి పుస్తకంలో అచ్చేసిన మాటల్లో పెట్టి చూడాలి. "కూతురికి మైనస్ పన్నెండు, తల్లికి దానికి మూడు రెట్లు..." అని నోటితో పైకి చదివితే అక్కడే దొరికిపోయేది. పిల్లలు సరిచూడటం అంటే ఈక్వేషన్లో పెట్టడమే అనుకుంటారు. ఈ ఒక్క అలవాటు మార్పించినా నాకు చాలనిపించింది.

ఇక నా 3ఎక్స్ = 12 సంగతి. మర్నాడు ఉల్లిపాయలు తరుగుతుంటే వెలిగింది నాకు! మూడు కేజీల ఉల్లిపాయలు 120 రూపాయలంటే కేజీ ఎంత? 40 అని చంటిపిల్లాడైనా చెప్తాడు. నేను బోర్డు మీద చేసినట్టు చేస్తే 120 లోంచి 3 తీసేసి కేజీ 117 అనాలి! ముప్ఫై ఏళ్ళుగా రోజూ బజార్లో సరిగ్గా చేస్తున్న లెక్కే అది. 3ఎక్స్ అంటే మూడు, ఎక్స్ కాదు, మూడు ఎక్స్‌లు. గుణించి ఉన్నదాన్ని భాగించి విప్పాలి, కలిపి ఉన్నదాన్ని తీసేసి విప్పాలి. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అనే మాట తప్పు కాదు కానీ, అసలు ఏమీ అటు వెళ్ళదండీ. పాతకాలం తక్కెడ గుర్తుందా, రెండు పళ్ళాలూ సమంగా ఉన్నప్పుడు ఒకదాంట్లోంచి పావుకేజీ రాయి తీస్తే రెండోదాంట్లోంచీ పావుకేజీ తియ్యాలి. రెండు వైపులా ఒకే పని. పిల్లలకి ఇది తెలిశాక గుర్తులు మార్చుకున్నా ఫరవాలేదు.

ఆ సమానం గుర్తుకీ ఓ కథ ఉంది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన తన పుస్తకంలో మాటిమాటికీ "సమానం" అని రాయలేక, ఒకే పొడుగున్న రెండు అడ్డగీతలు పెట్టాడట. ఆ రెండు గీతలకన్నా సమానమైనవి ఇంకేం ఉంటాయి అన్నది ఆయన వాదన. మన భాస్కరాచార్యులవారు 12వ శతాబ్దంలో బీజగణితం రాస్తూ తెలియని రాశిని "యావత్తావత్" అన్నారు, ఎంతో అంత అని. ఒకటి చాలకపోతే తర్వాతవాటికి రంగుల పేర్లు పెట్టారు, కాలకం, నీలకం, పీతకం, లోహితకం... నలుపు, నీలం, పసుపు, ఎరుపు. మా అమ్మాయికిది భలే నచ్చింది. ఇప్పుడు దాని రఫ్ నోట్సులో ఎక్స్ ఎప్పుడూ నీలం పెన్నుతోనే!

మాటల్ని ఈక్వేషన్‌గా మార్చేచోట ఇంకో గొయ్యి ఉంది. దోసెల పిండికి బియ్యం మినప్పప్పుకి మూడు రెట్లు పోస్తాం కదా. బియ్యం గ్లాసులు బి, పప్పు గ్లాసులు ప అనుకుని రాయమంటే మా అమ్మాయి 3బి = ప అని రాసింది. చదివిన వరసలో రాసుకుంటూ పోయింది, మూడు బియ్యానికి ఒక పప్పు అని. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! కానీ బియ్యం 3 గ్లాసులు, పప్పు 1 గ్లాసు పెట్టి చూస్తే 9 = 1 అని వస్తుంది. సమానం కావాలంటే తక్కువున్నదాన్ని మూడుతో పెంచాలి, ఎక్కువున్నదాన్ని కాదు. బి = 3ప. అది రాసినట్టు పోస్తే ఒక గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల పప్పు పడుతుంది. ఆ దోసె పెనం మీదనుంచి తియ్యడానికి ఉలీ సుత్తీ కావాలి. పిల్లని తిట్టకండేం. అమెరికాలో 1980 ప్రాంతంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకి ఇలాంటిదే ఇస్తే, ఒక ప్రొఫెసరుకి ఆరుగురు విద్యార్థుల లెక్కన, మూడోవంతు మందికి పైగా తప్పు రాశారట. "ఏది ఎక్కువ?" అని అడిగి, చిన్న అంకెలు పెట్టి చూడమంటే చాలు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇంకో చిక్కు. "ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్" అని చదివి 5 − ఎక్స్ రాస్తారు, ఫైవ్ ముందు వినబడింది కనుక. అదే తెలుగులో చెప్పుకుంటే "ఒక సంఖ్య కన్నా 5 తక్కువ". సంఖ్య ముందు, 5 వెనక, ఎక్స్ − 5. మన మాట వరసే సరైన వరస! అందుకని మా ఇంట్లో ఇప్పుడు లెక్క ఇంగ్లీషులో చదవడం, తెలుగులో చెప్పడం, ఆ తర్వాతే రాయడం. తెలుగు చెప్పడానికి నేనున్నాను కదా. ఆ ఒక్క పనికీ నా చదువు సరిపోయింది.

మైనస్ పక్కన బ్రాకెట్ ఉంటే మా అమ్మాయి కాదు, వాళ్ళ నాన్నా తడబడ్డారు. 500 నోటు పట్టుకుని వెళ్ళాను, కూరలు ఎక్స్ రూపాయలయ్యాయి, కొట్టతను 20 తగ్గించాడు. ఎంత మిగులుతుంది? 500 − (ఎక్స్ − 20). విప్పితే ఏమవుతుంది అని అడిగితే, మావారు పేపర్లోంచి తలెత్తకుండా "500 − ఎక్స్ − 20" అన్నారు. "అయితే ఏవండీ, అతను తగ్గించిన ఇరవై మళ్ళీ నా చేతిలోంచే లాక్కుపోయాడా?" అన్నాను. కూరలు 300 అయితే నా దగ్గర 220 మిగలాలి. ఆయన లెక్కన 180. బేరం ఆడినందుకు జరిమానా! పేపరు మడిచి పక్కన పెట్టారు.

నా గొప్ప కూడా కాస్త చెప్పుకోనివ్వండి. ఇంకో లెక్కలో 10, 50 రూపాయల నోట్లు కలిపి 20 ఉన్నాయి, మొత్తం 440 రూపాయలు, ఏవి ఎన్ని అని. అది పెన్ను తీసేలోపల "యాభైలు ఆరు, పదులు పధ్నాలుగు" అన్నాను. కళ్ళు పెద్దవి చేసి "ఎలా చేశావమ్మా?" అంది. ఏముంది, పోపుల డబ్బాలో చిల్లర దాచుకునే ప్రతి ఇల్లాలూ చేసేదే! ఇరవై నోట్లూ పదులే అనుకున్నాను, 200 అవుతాయి. ఇంకా 240 కావాలి. ఒక్కో పది తీసి యాభై పెడితే 40 పెరుగుతుంది. 240లో 40లు ఆరు. అంతే.

అది అదే లెక్కని ఎక్స్‌తో చేసింది. పదులు ఎక్స్ అయితే యాభైలు 20 − ఎక్స్. ఇక్కడ పిల్లలు యాభైలకి కూడా ఎక్స్ అనే రాసేస్తుంటారు, లేకపోతే నోట్ల సంఖ్యల్ని కలిపి 440కి సమానం అంటారు. నోట్లు వేరు, వాటి విలువ వేరు. 10ఎక్స్ + 50(20 − ఎక్స్) = 440. విప్పితే 10ఎక్స్ + 1000 − 50ఎక్స్ = 440, అంటే 40ఎక్స్ = 560, ఎక్స్ = 14. "ఇదిగో అమ్మా, నీ నలభై ఇక్కడుంది!" అని చూపించింది. నిజమే, నేను నోటితో అన్న నలభై అక్కడ కాగితం మీద కూర్చుని ఉంది. తను ముందర అన్నీ యాభైలే అనుకుంది, నేను అన్నీ పదులే అనుకున్నాను, అంతే తేడా! నాకు ఒక్క క్షణం ఏదోలా అయింది. ఇన్నేళ్ళూ రాదు రాదు అనుకున్నది నేను రోజూ చేస్తూనే ఉన్నానా అని.

ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు లెండి. నా పాల పుస్తకం తీసి నాకే పాఠం చెప్పింది. నేను రాసింది ఇదీ. 30 × 32 = 960 + 45 = 1005 − 64 = 941. ముప్ఫై రోజుల పాలు, పైన పెరుగు 45, పాలు తీసుకోని రెండు రోజులకి 64 తగ్గింపు. డబ్బు సరిగ్గానే ఉంది. "కానీ అమ్మా, మొదట్లో 30 × 32, చివర 941, మధ్యలో అన్నీ సమానం అంటున్నావు. 960, 941 సమానమా?" నిజమే కదండీ! మనం సమానం గుర్తుని "తర్వాత ఇంత వచ్చింది" అనే అర్థంలో వాడేస్తాం. పాల అబ్బాయికి ఫరవాలేదు కానీ, పరీక్షలో ఈక్వేషన్ చేసేటప్పుడు ఈ గొలుసు కొంప ముంచుతుంది. ఒక్కో వరసలో ఒక్కటే సమానం ఉండాలట. ఆ నెల నుంచి పాల పుస్తకంలో మూడు వరసలు రాస్తున్నాను.

ఫోన్లో లెక్క ఫోటో తీస్తే వరసలతో సహా చేసి పెడుతుందని పక్కింటి పిన్నిగారు చెప్పారు. అవును, పెడుతుంది. మేమూ జవాబు సరిచూసుకోవడానికి వాడుతున్నాం. కానీ పరీక్ష హాల్లో ఎక్స్ అంటే ఎవరి వయసు, ఎప్పటి వయసు అని రాసుకోవాల్సింది పిల్లే కదా. అందుకని ఫోను, దాని వాక్యం రాసి నాలుగు గళ్ళు నిండాకే చేతికి వస్తుంది. మా ఇంట్లో ఇప్పటికి ఇదీ రూలు. మొన్న యూనిట్ టెస్టులో 25కి 16 వచ్చాయి. అంతకుముందు 9. పోయిన తొమ్మిదిలో నాలుగు తేలిక కూడికల దగ్గర పోగొట్టుకుంది, అది వేరే తలనొప్పి.

లెక్కలు లేని గ్రూపు మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్ళు టైముంది, ఏ గ్రూపైనా తీసుకోనీ, భయపడి మటుకు తీసుకోకూడదు అనుకున్నాను మనసులో.

నిన్న సాయంత్రం తనే ఒక లెక్క తయారుచేసి తెచ్చింది. "అమ్మా, నీ పత్రికవాళ్ళకి ఇది ఇవ్వు, చేస్తారేమో చూద్దాం" అంది. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటానికి వచ్చిన పిల్లలకి చేగోడీలు పంచింది కదా, ఆ గొడవే. తలా 5 ఇస్తే 4 మిగులుతాయి, తలా 6 ఇద్దామంటే 5 తక్కువ పడతాయి. పిల్లలు ఎంతమంది, చేగోడీలు ఎన్ని? ముందు ఎక్స్ అంటే ఏమిటో వాక్యం రాయాలట, లేకపోతే మార్కులు కోస్తానంది. జవాబు మాత్రం నాకు కూడా చెప్పలేదు. కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద దాచింది. వచ్చేవారం వడియాలతో పాటు తీసి చూద్దాం.